గాజుతోట సందేశానికి గొడ్డుకార వ్యాఖ్య

అవతారిక

కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపాడు. నలుడికీ దమయంతికీ మధ్య హంస తిరిగింది. మా పెదనాన్న వాట్సాప్ పెట్టాడు.

ఆయనది పెదనందిపాడు దగ్గర పల్లె. నల్లరేగట్లో పత్తీ మిరపా వేసి, లాభమొచ్చిన ఏడు దేవుణ్ణీ, రాని ఏడు విత్తనాల కొట్టునీ తలుచుకుంటూ బతికినవాడు. కొడుకు సియాటిల్లో ఉద్యోగం. అక్కడికి వెళ్లి, ఒక ఆదివారం ఏదో తోట చూసి, పర్చూరులో ఉన్న తమ్ముడికి, అంటే మా నాన్నకు, ఒక సందేశం పంపాడు. (పర్చూరు పాత లెక్కలో ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల. జిల్లా మారిందని మావాళ్లకు పెళ్లిపత్రికల మీద తప్ప ఇంకెక్కడా గుర్తుండదు.) నాన్న దాన్ని కుటుంబం గ్రూపులో పడేశాడు. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. అర్థమేమిటని మటుకు ఒక్కరూ అడగలేదు. గొప్ప గ్రంథాలకు పట్టే గతే దీనికీ పట్టింది కనుక వ్యాఖ్య అవసరమైంది.

మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. నాకా నియమం లేదు. ఆయన తన వ్యాఖ్యలకు సంజీవని, సర్వంకష, ఘంటాపథం అని గంభీరమైన పేర్లు పెట్టుకున్నాడు. ఇది గుంటూరు సీమలో పుట్టింది కాబట్టి గొడ్డుకారం అంటున్నాను. పక్షుల గురించిన గ్రంథానికి కారం పేరేమిటని శంక రావచ్చు. సమాధానం: మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ అనే పదార్థం పక్షులకు అంటదు. మన నోట్లో దానికి భగ్గుమనే నాడీగ్రాహకం పక్షి నోట్లో దాన్ని పట్టించుకోదు. అడవి మిరపను పిట్టలు హాయిగా తిని విత్తనాలు దూరంగా విసర్జిస్తాయనీ, ఎలుకజాతి తింటే ఆ విత్తనం నమిలి పాడుచేస్తుందనీ, ఆ మంట అందుకే పుట్టి ఉంటుందనీ అరిజోనా ఎడారిలో పరిశీలించిన ట్యూక్స్‌బరీ, నభాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 2001లో నేచర్ పత్రికలో రాశారు. చేలో చిలక పండుమిరపకాయ కొరుకుతుంటే దాని ధైర్యానికి ముచ్చటపడేవాళ్లు ఈ సంగతి గమనించగలరు. అది ధైర్యం కాదు. కాబట్టి ఈ వ్యాఖ్య ఎంత ఘాటైనా పక్షులకు హాని లేదు.

మూలం

ఒరే తమ్ముడూ, ఇక్కడ గాజుతోట చూశాం. పూలు గాజువి, చెట్లు నిజంవి. కొంగమెడల్లాంటివి నేలలో నాటారు. ఎగరవు, అరవవు, రెట్టవేయవు. ఒక్క పిచ్చుక మటుకు నిజం. టికెట్టు సంగతి అడగొద్దు. ఉప్పలపాడు ఎన్నాళ్లయిందో పోయి. నువ్వన్నా పోయి చూసిరా.

ప్రతిపదార్థం

ఒరే తమ్ముడూ = ఓ సోదరుడా (మనుమలు కలవాడవైనను); ఇక్కడ = మావాడి ఊరియందు; గాజుతోట = గాజుతో చేయబడిన పుష్పాదులు కల వనమును; చూశాం = చూచితిమి, అనగా కొడుకు ముందు నడువగా వెనుక నడచితిమి; ఎగరవు = ఎగురజాలవు; అరవవు = కూయవు; రెట్టవేయవు = చొక్కా పాడుచేయవు; అడగొద్దు = తప్పక అడుగుము.

ఇక్కడితో బడిపిల్లలకు కావలసింది అయిపోయింది. మార్కులు అక్కర్లేనివాళ్లు కిందికి రావచ్చు.

పాఠభేదాలు

పెదనాన్న టైపు చెయ్యడు, ఫోనుకు చెబుతాడు. ఫోను తనకు తోచినట్టు రాస్తుంది. అందువల్ల మొదటి ప్రతిలో ‘గాజుతోట’ బదులు ‘రాజుతోట’ అని ఉంది. దాన్నిబట్టి మా చిన్నత్త ఆయన ఏదో జమీందారు బంగళా చూశాడనుకుంది. ‘రెట్టవేయవు’ అన్నచోట ‘రొట్టెవేయవు’ అని ఉంది. దీన్ని సమర్థిస్తూ మా బాబాయి ఒకాయన, అక్కడ పక్షులకు రొట్టెముక్కలు వేస్తే జరిమానా వేస్తారనీ, పాఠం సరైనదేననీ వాదించాడు. తప్పుడు పాఠానికి కూడా తగిన శాస్త్రం దొరుకుతుందనడానికి ఇది నిదర్శనం. ఎగరడం, అరవడం అనే పక్షిధర్మాల పక్కన రొట్టె పొసగదు. రెట్టే పొసగుతుంది. ఫోను చేసి అడిగితే పెదనాన్న కూడా అదే అన్నాడు, కొంచెం మోటుగా.

‘ఇక్కడ గాజుతోట చూశాం’

ఇక్కడ అంటే సియాటిల్లో, స్పేస్ నీడిల్ అనే గోపురం కాళ్ల దగ్గర. ఆ గోపురం 1962లో అక్కడ జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం కట్టింది. దాని పక్కనే 2012 మే నెలలో చిహూలీ గార్డెన్ అండ్ గ్లాస్ తెరిచారు. విస్తీర్ణం ఎకరంన్నర. ఈ సంఖ్య వినగానే పెదనాన్నకు కలిగిన భావాన్ని అలంకారికులు ఏ రసంలో వేస్తారో తెలియదు. పంట బాగుండి, తామరపురుగు దయతలిచి వదిలేస్తే ఎకరాకు ఇరవై క్వింటాళ్ల పైన ఎండుమిరప వస్తుంది. ఎకరంన్నరలో ఇసుక కరగబెట్టి పూలు నిలబెట్టారంటే, కౌలెంతో అడగాలనిపించింది. కొడుకు అడగనివ్వలేదు.

‘చూశాం’ అన్న బహువచనం మీద చిన్న వివాదం ఉంది. పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె లోపలికి పోగానే మొదట కనిపించిన బెంచీ మీద కూర్చుంది, మళ్లీ బయటికి వచ్చేటప్పుడే లేచింది. కనుక ఈ బహువచనం గౌరవార్థకమని ఒకరు, దాంపత్యార్థకమని ఒకరు. పెద్దమ్మ మాత్రం, కూర్చున్నచోటి నుంచి తనకే బాగా కనపడిందనీ, నడిచినవాళ్లు ఫోటోలు తీసుకోవడంలో పడి ఏమీ చూడలేదనీ అంటుంది. ఆమె మాటే ప్రమాణం.

‘పూలు గాజువి, చెట్లు నిజంవి’

ఇందులో విశేషమేమీ లేదని తోస్తుంది గానీ, ఈ వాక్యం ఆ తోట కట్టినవాడి ఉద్దేశాన్ని అచ్చంగా పట్టింది. డేల్ చిహూలీ 1941లో ఆ దగ్గరే టకోమాలో పుట్టాడు. 1968లో వెనిస్ వెళ్లి మురానో దీవిలో గాజు ఊదేవాళ్ల దగ్గర పని చూశాడు. అక్కడ ఒక్కడే కూర్చుని చేసే పని కాదు, జట్టుగా చేసే పని. 1971లో సియాటిల్‌కు ఉత్తరాన పిల్‌చక్ అనే గాజుబడి పెట్టినవాళ్లలో ఆయన ఒకడు. 1976లో ఇంగ్లండులో కారు ప్రమాదంలో ఎడమకన్ను పోయింది. 1979లో భుజం దెబ్బతింది. అప్పటినుంచి గొట్టం తాను పట్టడం మానేసి, బొమ్మలు గీసి ఇచ్చి, రంగులు చెప్పి, ఎదురుగా నిలబడి జట్టుతో చేయించడం మొదలుపెట్టాడు. ఊదనివాడి పేరు మీద గాజేమిటని మా అన్న (ఆ కొడుకే) సందేహపడ్డాడట. యాభై ఏళ్లు కూలీల చేత మిరపకాయలు కోయించి ‘నా పంట’ అన్న పెదనాన్నకు ఆ సందేహం రాలేదు.

గాజంటే ఇసుక. ఇసుకలోని సిలికాకు సోడా, సున్నం చేర్చి వెయ్యి డిగ్రీల సెంటీగ్రేడుకు పైన కరిగిస్తే తేనెపాకంలా తీగ సాగుతుంది. దాన్ని ఇనపగొట్టం చివర చుట్టి ఊదుతారు, తిప్పుతారు, మళ్లీ కాలుస్తారు. అయిపోయాక చల్లగాలికి పెడితే పగిలి ముక్కలవుతుంది కాబట్టి ఇంకో కొలిమిలో పెట్టి గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చాలి. రంగులు ఎక్కువగా లోహాలవే. నీలానికి కోబాల్టు, ఆకుపచ్చకు ఇనుము, మంచి కెంపురంగుకు సాక్షాత్తూ బంగారం. ఈ ఇసుక మనకు కొత్త కాదు. పాత నెల్లూరు జిల్లాలోని చిల్లకూరు, కోట మండలాల తెల్లటి సిలికా ఇసుక గాజు ఫ్యాక్టరీలకే పోతుంది. మనకు లేనిది ఇసుక కాదు, దాన్ని పూవు చెయ్యాలన్న కోరిక. మన పల్లెల్లో గాజుకు రెండే ప్రయోజనాలు: లోపల గోలీ గలగలలాడే సోడా సీసా ఒకటి, ఆ సీసా పగిలాక ప్రహరీగోడ మీద సిమెంటులో గుచ్చే పెంకు రెండోది. సీసాకు ఆ గోలీ మూత కనిపెట్టింది హిరమ్ కాడ్ అనే ఇంగ్లీషువాడు, 1872లో. పుట్టిన దేశంలో అది మ్యూజియంలోకి పోయింది, మన బస్టాండుల్లో ఇంకా ‘ఠప్’ మంటోంది. పెంకుల గోడ ఎవరి కళాసృష్టో దాఖలా లేదు. ఎండ పడ్డప్పుడు అదీ మెరుస్తుంది.

గాజుతోటలో పైకప్పూ గోడలూ అన్నీ అద్దాలే అయిన ఒక మందిరం ఉంది. అందులో ఎరుపు, నారింజ, పసుపు గాజుపూలు వంద అడుగుల పొడవున తోరణంలా వేలాడతాయి. సందర్శకులు దానికింద నిలబడి నోరు తెరుస్తారు. పెదనాన్న కూడా తెరిచాడు. తెరిచి, “ఇంత ఎరుపులో ఒక్క తాలుకాయ లేదే!” అన్నాడు. మిరపయార్డు తెలియనివాళ్ల కోసం: తాలుకాయంటే రంగు తేలి తెల్లబోయిన కాయ. ధర కోసేది అదే. తాలు లేని ఎరుపు ఈయన జన్మలో మొదటిసారి చూశాడు. ఆ మాటలో మెప్పు ఎంతుందో గుంటూరు యార్డులో బస్తా విప్పించుకున్నవాడికే తెలుస్తుంది.

‘కొంగమెడల్లాంటివి నేలలో నాటారు’

ఇక్కడ వ్యాఖ్యాతలు మూడు చీలికలయ్యారు. తోటవాళ్ల పలకల ప్రకారం ఇవి కొంగలు కావు, రెల్లు. చిహూలీ రెల్లు అనే వరుసలో సన్నగా, నిటారుగా, మనిషెత్తును మించిన గాజుకాడలు గుంపులు గుంపులుగా నిలబెడతాడు. ఇది మొదటి పక్షం. కొడుకుది రెండో పక్షం. ఆయనకు అవి రెల్లూ కావు, కొంగలూ కావు, నియోడిమియం. ఆ అరుదైన మూలకం కలిపిన గాజు ఎండలో లేత ఊదాగా, ట్యూబులైటు కింద నీలంగా కనపడుతుంది. తండ్రికి అది చెబుదామని చూస్తే ఎండే లేదు. సియాటిల్లో ఆ మబ్బు మామూలే. మూడో పక్షం మూలకర్తది: కొంగమెడలు. మూలకర్త చెప్పాక వ్యాఖ్యాత తలొంచాల్సిందే. పొలానికి నీళ్లు పెట్టిన పూట గట్టు మీద బారుగా నిలబడి, అన్నీ ఒకే దిక్కు చూస్తూ, ఒక్కటీ కదలక ఉండే కొంగల్ని యాభై ఏళ్లు చూసిన కన్ను గాజుకాడల గుంపులో ఇంకేం చూస్తుంది?

‘నాటారు’ అన్నది శిల్పులు వాడే క్రియ కాదు. ఆయన సాలుకూ సాలుకూ ఎడం కూడా గమనించాడట, ఒత్తుగా ఉందన్నాడు. పిట్టల కోసం కర్రలు నాటడం ఆయనకు అలవాటైన పనే. పత్తిచేలో వ్యవసాయశాఖవాళ్లు పక్షిస్థావరాలు పెట్టమంటారు. అడ్డకర్ర బిగించిన గుంజల్ని చేను మీదికి తేలేటట్టు అక్కడక్కడా పాతితే పసులపోలిగాడు, గోరింక వచ్చి వాలి శనగపచ్చ పురుగును ఏరుకు తింటాయి. పెదనాన్న చేలో అవి ఉండేవి. మందు కొట్టే రోజుల్లో ‘ఈ కర్రల వల్ల ఏమవుద్ది’ అని ఎగతాళి చేసిన పక్కచేని ఆసామి, తర్వాత తన చేలోనూ పాతాడు, చీకటి పడ్డాక.

‘ఎగరవు, అరవవు, రెట్టవేయవు’

సందేశానికి గుండెకాయ ఇదే. పైకి చూస్తే గాజుకొంగను మెచ్చుకుంటున్నట్టుంది: గోల లేదు, కంపు లేదు, శుభ్రం. నిందాస్తుతికి ఎదురు, అంటే స్తుతి రూపంలో నింద. వ్యాజస్తుతి అని లాక్షణికులు దీనికీ పేరు పెట్టారు. ఉన్నవి చెప్పి పొగడలేక లేనివి చెప్పి పొగిడాడు. మూడు లేములు వరసగా చెప్పేసరికి, ఆ మూడూ ఉన్న అసలు కొంగ వినేవాడి ముందు వచ్చి నిలబడుతుంది. అయితే శాస్త్రదృష్టితో చూస్తే ఈ మూడు మాటల్లో రెంటికి సవరణ కావాలి.

ఎగరవు: నిజమే. ఆక్షేపణ లేదు.

అరవవు: ఇక్కడ పెదనాన్న పొరబడ్డాడు. ఎదిగిన ఎర్రకాళ్ల కొంగ కూడా దాదాపు మూగదే. ఈ జాతి కొంగలకు గొంతులో కూతపెట్టె సరిగా ఎదగదు. పలకరింపైనా కోపమైనా ముక్కు రెండు చెక్కల్నీ టకటక కొట్టడమే. గూడబాతు కూడా పెద్దయ్యాక గొంతు విప్పేది అరుదు. మరి గుంటూరు దగ్గర ఈ పక్షులు గూళ్లు పెట్టే ఉప్పలపాడు చెరువులో వినపడే ఆ రొద ఎక్కడిది? పిల్లలది. తల్లి చేప తెచ్చేసరికి గూళ్లన్నీ ఒక్కసారి ‘నాకు, నాకు’ అంటాయి. గూడబాతుపిల్ల తల్లి గొంతుసంచిలోకి తలంతా దూర్చేస్తుంది, మొదటిసారి చూసినవాళ్లు తల్లి పిల్లను మింగుతోందని హడలిపోతారు. అదే గుంపులో ఇంకో కొంగ ఉంటుంది చూడండి, ముక్కు మూసినా మధ్యలో సన్నటి సందు మిగులుతుంది. అది నత్తగుల్ల కొంగ. ఆ ముక్కుతోనే గుల్లలోంచి నత్తను లాగుతుంది.

రెట్టవేయవు: ఇది చిన్న మాట కాదు. నీటిలో చెట్ల మీద వేల పక్షులు నెలల తరబడి కాపురముంటే ఆకులన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. కొన్నాళ్లకు కొమ్మలు ఎండిపోతాయి. సర్కారు తుమ్మ మొండిది కనుక కొంత తట్టుకుంటుంది. చెట్లు చాలనిచోట ఇనపస్టాండ్లు పాతారు, వాటి మీదా గూళ్లు పెట్టాయి. కంపు మాటా దాచడం అనవసరం: గాలి ఎదురు తిరిగితే చేపల బజారే. కానీ ఆ రెట్టలో నత్రజని, భాస్వరం ఉంటాయి. తమిళనాడు వేడంతాంగళ్‌లో రైతులు చెరువులో పక్షుల్ని తరతరాలుగా కాపాడింది ఆ నీళ్లు పొలానికి బలమని తెలిసే. బస్తా యూరియా కోసం వరసలో నిలబడ్డ పెదనాన్నకు ఈ సంగతి చెప్పాల్సిన పని లేదు. ఇంకో రహస్యం ఉంది. ఎండ మండే పూట ఎర్రకాళ్ల కొంగ తన కాళ్ల మీద తనే రెట్ట వేసుకుంటుంది. అది ఆరేకొద్దీ ఒళ్లు చల్లబడుతుంది. తల్లి రెక్కలు విప్పి గూటికి అడ్డంగా నిలబడి పిల్లలకు నీడపడుతుంది. కాళ్లు తెల్లగా పూసుకుని రెక్కలు చాచి నిలబడ్డ ఆ కొంగను చూశాక మన ఎండల్ని తిట్టుకోవడానికి నోరు రాదు. దానికి ఏసీ లేదు, ఉన్నదాంతో సర్దుకుంటోంది. పైగా, గాజులో కెంపు రావాలంటే బంగారం కలపాలని చెప్పుకున్నాం. ఆ కొంగకు తోకదగ్గర గులాబీరంగు ఈకలు ఏ ఖర్చూ లేకుండా వస్తాయి.

‘ఒక్క పిచ్చుక మటుకు నిజం’

గాజుపూవు మీద వాలిన పిచ్చుకను పెదనాన్న ఫోటో తీశాడు. ఫోటోలో పిచ్చుక లేదు, వేలు ఉంది. ఈ పిచ్చుక కూడా ఆ దేశానికి వలసే. ఇంగ్లండు నుంచి తెచ్చి 1850ల మొదట్లో బ్రూక్లిన్‌లో వదిలితే పిల్లాజెల్లాతో ఖండమంతా ఆక్రమించింది. వీసా పత్రాలు అడిగినవాడు లేడు.

గాజుకూ పక్షికీ అసలు సంబంధం అంత ముచ్చటైనది కాదు. పక్షికి అద్దం కనపడదు, అందులో ఆకాశమూ చెట్లూ కనపడతాయి. అమెరికాలో భవనాల అద్దాలకు కొట్టుకుని ఏటా ముప్పై ఆరున్నర కోట్ల నుంచి దాదాపు వంద కోట్ల దాకా పక్షులు చస్తాయని 2014లో ఒక అధ్యయనం అంచనా కట్టింది. మన ఊళ్లలోనూ ఇప్పుడు ఇంటి ముందు భాగమంతా నీలిఅద్దాలు బిగించడం హోదా. ఇల్లుగలాయన గృహప్రవేశానికి కెమెరా పెట్టిస్తాడు, గోరింక ఆ అద్దానికి తల కొట్టుకుంటుంది. పిచ్చుకల కథ వేరే. అరుగు పక్కన స్కూటరు ఆపితే మగపిచ్చుక వచ్చి అద్దంలోని మగపిచ్చుకతో తగువు పెట్టుకుంటుంది. పొడుస్తుంది, ఎగిరి వెనక్కి వెళ్లి చూస్తుంది, ఎవరూ లేరు, మళ్లీ వచ్చి పొడుస్తుంది. మా ఇంట్లో ఆ అద్దానికి పాత గుడ్డ కట్టేవాళ్లు, పిచ్చుక అలిసిపోతుందని.

‘టికెట్టు సంగతి అడగొద్దు’

నిషేధ రూపంలో ఉన్న విధి. అడగమనే. నాన్న అడిగాడు. పెదనాన్న డాలర్లలో చెప్పకుండా తేజా మిరప కిలోల్లో చెప్పాడు. ఆ అంకె ఇక్కడ రాస్తే చదివినవాళ్లు తోట మీద అన్యాయంగా కోపం తెచ్చుకుంటారు. చరిత్ర తెలిసినవాళ్లకు ఇక్కడ ఒక చమత్కారం తోస్తుంది. 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన తెల్లదొరలకు పన్ను కట్టేది లేదని భీష్మించిన పెదనందిపాడు ఫిర్కా మనిషి, వందేళ్ల తర్వాత తెల్లవాడి ఊరికి పోయి, గాజుపూలు చూడ్డానికి వరసలో నిలబడి, అడిగినంతా ఇచ్చి, రసీదు జేబులో పెట్టుకున్నాడు.

‘ఉప్పలపాడు ఎన్నాళ్లయిందో పోయి’

ఇంతవరకూ చెప్పినదంతా ఈ వాక్యం కోసమే. అక్కడి తోటలో నిలబడి ఇక్కడి చెరువును తలుచుకోవడం ఈ సందేశానికి ధ్వని. మేఘసందేశంలో యక్షుడు దారి పొడుగునా ఊళ్లూ ఏళ్లూ వర్ణించుకుంటూ పోతాడు. పెదనాన్న ఒకే ఊరు చెప్పి ఆగాడు.

ఉప్పలపాడు గుంటూరు నుంచి పది కిలోమీటర్ల లోపే, పెదకాకాని మండలంలో. మండలకేంద్రం పేరులోనే పక్షి ఉంది. భరద్వాజుడి యాగం దగ్గర కాకాసురుడనే కాకికి శాపం తీరిన చోటు కనుక కాకాని అయిందని అక్కడి శివాలయం స్థలపురాణం. కొత్తబండి కొన్నవాళ్లు పూజకు తప్పకుండా వెళ్లే గుడి అది. బండికి నిమ్మకాయలు తొక్కించి, పులిహోర తిని, వచ్చిన దారినే గుంటూరు తిరిగిపోతారు. ఇంకాస్త ముందుకు పోతే ఉప్పలపాడు ఊరి చెరువూ, అందులో తుమ్మచెట్లూ, వాటి మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, కంకణాలు, వక్కలు. అది అడవి కాదు, అభయారణ్యమని ఊహించుకుని పోయేవాళ్లు తెల్లబోతారు. చుట్టూ ఇళ్లే. ఒక పక్క పశువుల కొట్టం, ఒక పక్క బట్టలారేసిన తీగ, ఎదురుగా నాలుగైదు కిలోల బరువున్న గూడబాతు రెక్కలు చాచి చప్పుడు లేకుండా నీటి మీదికి దిగుతుంది.

ఈ పక్షుల మీద ఒక అపప్రథ ఉంది, వ్యాఖ్యాత దాన్ని ఖండించి తీరాలి. ఎవరినడిగినా ‘సైబీరియా నుంచి వస్తాయండీ’ అంటారు. సైబీరియా అంటేగానీ పక్షికి గౌరవం లేదన్నట్టు. చుక్కలముక్కు గూడబాతు మన ఉపఖండం పక్షి. ఎర్రకాళ్ల కొంగా అంతే. నీళ్లనూ చేపలనూ బట్టి ఈ చెరువు నుంచి ఆ చెరువుకు తిరుగుతాయి తప్ప హిమాలయాలు దాటి రావు. చలికాలంలో చుట్టపుచూపుగా మధ్య ఆసియా నుంచి నిజంగా వచ్చేవి గులాబీ గోరింకల్లాంటివి, అవి సాయంత్రం ఆకాశంలో గుంపుగా మెలికలు తిరుగుతుంటే చూసితీరాలి. గూడబాతును సైబీరియాకు దానం చెయ్యడంలో ఒక ప్రమాదముంది. పొరుగుదేశం చుట్టమైతే దాని బాగోగులు మనవి కావనుకుంటాం. పక్షుల పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ 1946లో పశ్చిమగోదావరి ఆరేడులో వేల గూడబాతుల కాలనీ చూశాడు. ఆ కాలనీ ఇప్పుడు లేదు. ఈ పక్షి ఈనాటికీ ముప్పు అంచున ఉన్న జాతుల జాబితాలో ఉంది. ఉప్పలపాడులోనూ ఒకప్పటికంటే పక్షులు తగ్గాయని చెబుతారు.

గాజుకు పగిలిపోతుందన్న భయం ఉంది గనుక దాని చుట్టూ కాపలా, గొలుసు, ‘ముట్టరాదు’ పలక. పక్షి పగలదు, ఎగిరిపోతుంది. ఎగిరిపోయిందని తెలిసేసరికి రెండు మూడేళ్లు గడుస్తాయి.

‘నువ్వన్నా పోయి చూసిరా’

ఇది ఫలశ్రుతి. ఛందస్సు విషయం అడిగేవాళ్లకు: యతి లేదు, ప్రాస లేదు, చివర ఒక పసుపు ముఖం ఉంది, అది నవ్వుతోందో ఏడుస్తోందో అద్దాలు లేకుండా తెలియదు. ‘అన్నా’ అన్న చిన్న మాటలో ఆరునెలల వీసా అంతా ఉంది.

మా నాన్న ఇంకా పోలేదు. మిరప కోతలన్నాడు, కూలీలు దొరకలేదన్నాడు, తర్వాత కల్లం ఎత్తాలన్నాడు. ఆ చెరువుకు పర్చూరు నుంచి రెండు గంటల దారి. కాబట్టి విధి మీ మీద పడింది. వానలు వెనకబట్టిన దగ్గర్నుంచి చలికాలం చివరిదాకా గూళ్లూ పిల్లలూ ఉంటాయి. పొద్దున్నే గానీ, ఎండ దిగాక గానీ పోండి. దూరంగా నిలబడి చూడండి. పాటలు పెట్టకండి, చప్పట్లు కొట్టి లేపకండి. డ్రోను ఉంటే ఇంట్లోనే పెట్టి రండి. పిల్లలు పక్కనుంటే ఆ కొంగలు సైబీరియావి కావని, మనవేనని చెప్పండి.